కారే మిద్దె కింద కదలని కారు

— అవ్వా, మా కారుకు ఇన్సూరెన్సు కట్టల్ల ఈ నెల. మీ కాలంలో ఇట్లాంటివి ఉండెనా?

ఉండకేం పాపా, ఉండె. మా మామే కట్టినాడు. కట్టి ఏం బాగుపడినాడో సెప్తా, ఇట్ల దగ్గరికి జరుగు. ఆ ఫ్యాను ఆపు మే, కొర్రుకొర్రుమంటాది, నా మాట నాకే ఇనపడదు.

మాది ఎమ్మిగనూరు గదా. మా నాయన మగ్గాలోళ్లకు నూలు అమ్మేటోడు. నన్ను ఆదోనికి ఇచ్చిరి. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లా, కర్నూలు కాదు. యుద్ధం జరుగుతాండె, తెల్లోళ్ల యుద్ధం. మా మామది దూది యాపారం. పేరు సెప్పకూడదు నేను, కోడల్ని గదా. ఊర్లో అందరూ కారు శెట్టి అంటాండ్రి. యాలంటే మా ఈదిలో కారు ఆయప్పకే ఉండె. కొత్తది కాదులే. బళ్లారిలో యారో దొర వాళ్ల సీమకు పోతా పోతా అమ్మేసినాడు. నల్లగ, పొడుగ్గ, రెండు కండ్లు బయటికి పెట్టుకోని, మా సిన్నత్త మాదిరి ఉండె.

దాన్ని తెచ్చినప్పుడు పెట్టేకి జాగా యాడుండాది? వాకిలి పక్కన బర్రెల కొట్టం ఉండె. బర్రెల్ని పక్కింటోళ్ల కొట్టంలోకి తోలి, కారును లోపల పెట్టినాడు. మా అత్త నెత్తి కొట్టుకునె. "పాలిచ్చేదాన్ని బయటికి తోలి, పాలియ్యనిదాన్ని లోపల కట్టేస్తివి గదయ్యా" అనె. మా అత్త నోరు అట్లాంటిది. ఆమె మాట్లాడితే ఈదిలో కుక్కలు గూడ నిలబడి ఇంటాండె. నాకా, పెండ్లయి కొత్త. తలుపు సాటున నిలబడి నోట్లో కొంగు కుక్కుకోని నవ్వేదాన్ని.

తెచ్చినాక ఎంతో కాలం తిరగలేదు పాపా ఆ కారు. యుద్ధానికని పెట్రోలు కూపన్ల మింద ఇస్తాండ్రి. మా మామకు వచ్చేది దీపంలోకే సాలదు. కొందరు వెనకాల బొగ్గుల పొయ్యి కట్టించుకోని దాంతో నడిపిస్తాండ్రి. "నా కారు ముడ్డికి పొయ్యి కడతారా?" అని మా మామ ఒప్పుకోలా. ఇంగ అది కొట్టంలోనే కూసునె. కూసున్నా దానికి మర్యాదలు ఎన్నని! ఎండాకాలం వస్తే టైర్లు పగుల్తాయని రాళ్ల మింద ఎత్తి పెట్టి, సక్రాలకు తడిగోనెలు కప్పేటోడు. వానాకాలానికి ముందు తుప్పు పట్టకుండా నూనె పూసేటోడు, కొబ్బరినూనె! మా తలకాయలకు ఆముదం, కారుకు కొబ్బరినూనె. దసరాకు కుంకం, నిమ్మకాయలు, గుమ్మడికాయ. దేవునికి దీపం మరిసినా దానికి హారతి మరిసేటోడు కాదు.

మార్కెట్టు నుంచి వచ్చినాక ఆయప్ప పోయి ఆ కారులో కూసుంటాండె. కదలని కారులో! తమలపాకులు ఏసుకోని, అద్దంలో మీసం సూసుకోని. కాఫీ కావల్లంటే పాం అని హారన్ పిసికేటోడు. ఒగ పాం అంటే కాఫీ. రెండు పాం లంటే తినేకి ఏమన్నా. మా అత్త అంటాండె, "బర్రె అరిసినా అర్థముండె, ఇదేమి అరుపు నా తల్లీ" అని.

ఆ, ఇన్సూరెన్సు. వస్తాండా, వస్తాండా.

బళ్లారి నుంచి ఒగ ఏజెంటు దిగె. కోటు, టోపి, సగం కన్నడం సగం తెలుగు. పొద్దున్నే వచ్చి అరుగు మింద కూసోని, "శెట్రే, మీ కారు దేన్నన్నా గుద్దితే? కాలిపోతే? దొంగలెత్తుకుపోతే?" అనబట్టె. మా అత్త లోపల నుంచి, "పొద్దున్నే ఏం మాటలివి, వాని నోట్లో మన్ను పడ! పెట్రోలు లేక లేయలేనిదాన్ని దొంగలు యాడికి ఎత్తుకుపోతారు, ఎద్దుల్ని తెచ్చుకుంటారా?" అనె. మా మామ ఇనలా. ఆ కోటాయన ఇంగ్లీషు కాగితం సూపిచ్చినాడు, మా మామకు కండ్లు మెరిసె. కట్టేసినాడు.

ఇంగ ఆ కాగితానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, దేవుని గూట్లో పెట్టినాడు! తాయెత్తు అనుకున్యాడు పాపా. అది ఇంట్లో ఉంటే ఇంగ మనకేం కాదని. నమ్ము, నేను అబద్ధం సెప్తే నా పండ్లు... పండ్లు లేవులే, ఏం రాలేది.

ఆ ఏడే ఎండాకాలం సివర్న చౌడు మన్నాయన వచ్చినాడు. మీకు తెల్దు గదా, మీవి సిమెంటు ఇండ్లు. మావి మన్ను మిద్దెలు. దూలాలు, మింద కట్టెలు, కసువు, మన్ను, అన్నిటికన్నా మింద తెల్లగ చౌడు మన్ను. అది పరిసి తొక్కితే నీళ్లు దిగవు. ప్రతి ఏడూ వానలకు ముందు కొత్త చౌడు పోపియ్యల్ల, మిద్దె మింద మొలిసిన గడ్డి పీకల్ల, ఎలకల బొక్కలు పూడ్సల్ల. మా ఎమ్మిగనూర్లో అయితే అది పండగ కన్నా ముందు పని. మగ్గం గుంతలోకి నీళ్లు దిగితే నేసేది ఎట్ల? ఉగాదికి బట్టలు లేకున్నా మిద్దెకు మన్ను తప్పదు.

చౌడాయన గాడిదల్ని ఈదిలో నిలబెట్టి, "శెట్టీ, ఈ ఏడు మన్ను ఏపిస్తావా? ఆ కొట్టం మిద్దె వంగినట్ల కనపడతాంది" అనె. మా మామ కారు తుడుస్తా, "ఇన్సూరెన్సు కట్టినాంలేప్పా, ఈ ఏడుకు వద్దు, వచ్చే ఏడు సూద్దాం" అని తోలేసినాడు. ఆ మాటకు మా అత్త వాకిట్లోకే వచ్చేసె. నడిమింట్లో నుంచి అరిసే ఆమె ఆ పొద్దు గడప దాటె.

"కదలని కారుకు ఇన్సూరెన్సు, కారే మిద్దెకు నీ మొగమా?" అనె.

చౌడాయన నవ్వు ఆపుకోలేక గాడిదను తన్నినాడు పాపం, అది ఏం సేసె? మా మామకు రోసం వచ్చి మళ్లీ మన్ను మాటే ఎత్తలా.

వానలు ముందు సినుకులే. ఆ తర్వాత ముసురు పట్టె సూడు. ఆకాశం ఈది మింద కూసున్నట్ల. ఇంట్లో కారని జాగా లేదు. ఉండే సెంబులు, తపేళ్లు, రుబ్బురోలు, నా పెండ్లిలో పెట్టిన పన్నీరుబుడ్డి గూడ, అన్నీ కింద పెట్టినాం. టక్ టక్ టుక్ అని రాత్రీ పగలూ ఒగటే భజన. దేవుని పటం మింద గూడ కారె. మా అత్త యెంకటరమణస్వామిని తీసి కొంగుతో తుడ్సి, "నీకు కొండ మింద రాతి గుడి ఉండాది గదా సామీ, ఈ ఎర్రిబాగులోని ఇంటికి ఎందుకొచ్చినావు?" అని బియ్యం బానలో పెట్టె. ఇన్సూరెన్సు కాగితం నానిపోయి పసుపు ముద్ద అయిపోయింది, అది ఏరే కత.

మా మామ ఏం సేసినాడు? పోయి కారులో కూసున్యాడు. అద్దాలు ఎక్కిచ్చుకోని. "దీంట్లో సుక్క దిగదు" అని.

పగలే, మధ్యానం. రెండు పాం లు ఇనపడె. మా అత్త తిట్టుకుంటానే బొరుగులు నానబెట్టి ఉగ్గాని సేసె. నేను పళ్లెం పట్టుకోని కొట్టానికి పోయి ఇచ్చొచ్చినా. మా మామ అద్దం దించి తీసుకోని, "మీ అత్త ఏమంటాంది?" అనె. "ఏమన్లేదు మామా" అన్యా. "అనకుంటే జరమొచ్చింటాది, సూడుపో" అనె. తిరిగి నడిమింట్లోకి వచ్చి నిలబడినా, అంతే. పెద్ద సప్పుడు. ఎట్ల సెప్పేది, ఏనుగు మోకాళ్ల మింద కూలినట్ల. నేలదిరె. ముసుర్లో గూడ దుమ్ము లేసె సూడు.

పరిగెత్తి సూస్తే కొట్టం లేదు. మిద్దె మొత్తం తడి మన్నుతో కిందికి దిగిపోయింది. దూలం సెద తినేసింటే, మింద నీళ్లు తాగిన మన్ను బరువు. కారు లేదు. మట్టిగుట్ట, దాంట్లో నుంచి ఒగ లైటు మాత్రం బయటికి సూస్తాండె, గుడ్డికన్ను మాదిరి.

 మా అత్త కొంగు నడుముకు సుట్టి, రెండు సేతుల్తో మన్ను తోడబట్టె. పార లేదు, గడ్డపార లేదు. గోర్లల్లో రక్తం వస్తాంది. "పాం అనయ్యా! ఏమయ్యా, ఒగసారి పాం అను!" అంటాంది. అంత తిట్టిన హారనే, దాన్ని బతిమాలుతాంది పాపా. ఏమీ లేదు. సప్పుడు లేదు. ఈదోళ్లు పారలు తెచ్చిరి, సాయిబులు వచ్చిరి, జిన్నింగు ఫ్యాక్టరీ కూలోళ్లు వచ్చిరి, అందరూ తోడతాండారు. 

అప్పుడు మా అత్త ఆ మట్టిగుట్ట మింద పడి అరిసె సూడు.

"సుబ్బయ్యా! ఓరి సుబ్బయ్యా! పలుకురా!"

ఈదంతా ఇనె. పారలు ఆగిపోయె. ఆ కాలంలో ఆడది మొగుని పేరు సెప్పేది లేదు పాపా. సెప్తే వానికి ఆయుస్సు తగ్గుతాదంటారు. జనాభా లెక్కలోడు వచ్చి అడిగినా మా అత్త నన్ను సెప్పమనేది, నేనూ సెప్పకూడదు గదా, ఇంగ పక్కింటోళ్లను పిలిసి సెప్పిచ్చేటోళ్లం.

మన్నులో నుంచి సన్నగ, బావిలో నుంచి వచ్చినట్ల, గొంతు వచ్చె.

"పేరు పెట్టి పిలుస్తావా... ముండా... ఆయుస్సు తగ్గదా నాకు?"

అమ్మా! మా అత్త ఏడుస్తా నవ్వె. నవ్వుతా తిట్టె. "తగ్గనీ! ఉండేదే పిడికెడు, దాన్ని కారులో దాసుకుంటివి!" అని ఇంగా బిర్న తోడబట్టె.

కారు పైరేకు నలిగిపోయింది గానీ, సుట్టూ ఇనుము నిలబడింది. మా మామ సీట్ల సందులో ముడుసుకోనుండె, సేతిలో ఉగ్గాని పళ్లెం అట్లనే పట్టుకోని. ఒగ కాలు దూలం కింద ఇరిగింది. బయటికి తీసినాక మా అత్త ఆయప్ప మొగం మింద మన్ను తుడిసి, అందరి ముందర, ఏం సిగ్గు లేకుండా, తల పట్టుకోని ఒడిలో పెట్టుకునె. నేను తల తిప్పుకుంటి. కొంచెం సూసినాలే.

కాలికి కట్టు కట్టినాక, ఎవరో కబురు పెడితే ఆ కోటు ఏసుకున్న ఏజెంటు, కోటాయన, వచ్చినాడు. మా మామ మంచంలో. "కారు పోయి దేన్ని గుద్దింది శెట్రే?" అనె.

"ఏం గుద్దలే. మిద్దె వచ్చి కారును గుద్దింది."

కోటాయన గడ్డం గీక్కునె. "అట్లాంటిది మా దాంట్లో రాదు. కారు నడుస్తాండల్ల. లేదంటే ఇంకో బండన్నా వచ్చి గుద్దల్ల. ఇల్లు వచ్చి గుద్దేది లేదు."

తలుపు సాటు నుంచి మా అత్త, "అవునప్పా, తప్పు మిద్దెదే. దానికి లైసెన్సు గూడ లేదు. పట్టుకోనిపోయి జైల్లో ఏపిచ్చు" అనె.

మంచంలో మా మామ నవ్వె. కాలు నొప్పికి అమ్మా అంటా నవ్వె. ఆ పొద్దే నేను మొదటిసారి సూసినా, మా అత్త మాటకు ఆయప్ప నవ్వడం. కోటాయనకు మా అత్త అన్నం పెట్టే పంపిచ్చె, ఎంతైనా ఇంటికొచ్చినోడు. పెరుగు మాత్రం ఏసలా.

కారు ఇనుము సామాన్లోడు తీసుకోనిపోయె. బర్రెలు తిరిగొచ్చె, కొత్త కొట్టంలోకి.

మరుసటి ఎండాకాలం చౌడాయన ఈదిలోకి వస్తానే మా మామ కర్ర పట్టుకోని ఎదురుపోయినాడు. మన్ను దింపిచ్చినాడు. అంతటితో ఊరుకోలా. నిచ్చెన ఏపిచ్చుకోని, కుంటి కాలుతో తానే మిద్దె ఎక్కినాడు! కింద మా అత్త నిచ్చెన పట్టుకోని తిడతాంది, "ఇంగో కాలు గూడ కావల్నా?" అని. ఆదోని శెట్టి మిద్దె మింద మన్ను తొక్కుతాండాడని ఈదంతా సూసేకి వచ్చె. ఆయప్ప దిమ్మిసతో కొడతా, "ఈడ వంటింటి మింద రెండు గంపలు ఎక్కువ ఏయండ్రా, ఆమె పొద్దంతా ఈ కిందనే గదా ఉండేది" అని కూలోళ్లకు సెప్తాండె.

అది ఇన్నాది మా అత్త. తిట్టడం ఆపె. నన్ను పిలిసి, "నిచ్చెన పట్టుకో మే" అనె. సీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకోని, ఆ వయసులో, ఒగొక మెట్టు ఎక్కె. శెట్టోళ్ల ఆడది పట్టపగలు మిద్దె ఎక్కేది యాడన్నా ఉండాదా? పైకి పోయి, "ఇట్లనా తొక్కేది, అన్నం తిన్లేదా?" అని తానూ తొక్కబట్టె. ఇద్దరూ ఒగరి బుజం ఒగరు పట్టుకోని. నేను కింద నుంచి సూస్తే, ఎండలో, వాళ్ల ఎనకాల ఆదోని కోట కొండ, తెల్లటి మన్నులో రెండు ముసిలి పాదాలు... కాదు, నాలుగు. నాలుగు పాదాలు.

నీకూ అట్లాంటోడు దొరకల్ల తల్లీ. ఒడ్డూ పొడుగూ ఎట్లున్నా ఫర్వాలేదు, నీ నెత్తి మింద ఎండ, వాన యాడ పడతాదో వానికి తెలిసుండల్ల. సల్లగుండు. నవ్వుతావేమే, ముసిలిదాని నోటి మాట, ఊరికే పోదు... ఆ, ఆ ఫ్యాను ఏసుకోపో ఇంగ, సెమట పట్టె నీకు...