గొంతు ఆగితే చెయ్యి తీసెయ్యి

మాటాడతన్నానయ్యా, మాటాడతన్నాను! ఊపిరి తీసుకోవద్దేటి మనిషి? కాస్త ఆగినందుకే ఆ ఇనప తలుపు మీద ప్లయరుతో అంత గట్టిగా కొట్టాలా? నా గుండె జారి చెప్పుల్లో పడింది.

ఇదిగో, ఇక్కడే ఉన్నాను. మన ప్రార్థన గుడి వరండాలో, మెయిన్ స్విచ్చు పక్కనే. హేండిలు కిందికే ఉంది, అంటే కరెంటు ఆపే ఉంది. పింగాణీ ఫ్యూజులు రెండూ నా జుబ్బా జేబులోనే ఉన్నాయి. తడిమి చూసుకున్నాను. మళ్లీ చూసుకుంటాను. ఉన్నాయి. చాలా?

మీ అత్త ఇప్పుడు నన్ను చూస్తే పడి పడి నవ్వుతాది. పెళ్లయిన కాణ్ణుంచి "మీ నోటికి సెలవన్నది లేదా" అన్న మనిషి. నా కూతురు, అదే నీ పెళ్లాం ఆనందకుమారి, కంచం ముందు పెట్టి "నాన్నా, ముందు అన్నం, తరవాత కథ" అంటాది. మీ అమ్మ సవరమ్మప్ప సంగతి చెప్పక్కర్లేదు. "తమ్ముడొచ్చాడా? అయితే పొయ్యిమీద కూర దించెయ్యండి, ఇంక మాడిపోతాది" అంటాది, నా మొహమ్మీదే! అలాటి నన్ను, మేనల్లుడివీ అల్లుడివీ రెండూ అయిన నువ్వు తెచ్చి ఇక్కడ నిలబెట్టి, "మామయ్యా, గోడవతల పని ముగించి నేను బయటికొచ్చిందాకా మాటాడుతూనే ఉండు" అన్నావు. ఈ జన్మలో నాతో ఆ మాటన్నవాడివి నువ్వొక్కడివే, పౌల్‌రాజూ.

సంతోషపడాలి కదా? ఈ హేండిలు మీంచి కళ్లు తిప్పితే ఒట్టు.

కార్ఖానాలో అది పద్ధతి అన్నావు. ఒకడు గోడకి అవతల పేనెలులో చెయ్యి పెడితే, ఇవతల స్విచ్చు దగ్గర కాపలా ఉన్నవాడు గొంతు ఆపకూడదు. పాడతాడో, ఫోర్‌మేన్‌ని తిడతాడో వాడిష్టం. గొంతు వినబడినంతసేపూ కాపలా ఉన్నట్టు. ఆగిందా, వాడెటో పోయినట్టు. లోపలివాడు ఎందుకూ ఏమిటీ అనుకోకుండా చెయ్యి తీసెయ్యాలి. మాటలు అర్థం కానక్కర్లేదన్నావు. రోలింగు మిల్లు మోతకి నీ చెవులు సగం పోయాయాయె. వెంటిలేటరులోంచి నా గొణుగుడు తగిల్తే చాలట. కీర్తన పాడదామంటే నాకు దమ్ము చాలదు. అందుకే ఇలా వాగుతున్నాను.

అద్దీ. ఒక్క దెబ్బ కొట్టావు. అంటే బావున్నావన్నమాట. అలా అప్పుడప్పుడూ కొడుతూ ఉండు, బాబూ.

ఆ పద్ధతి ఊరికే వచ్చిందా? మన కరెంటు పనివాడు పోలరాజు పోలేదూ? జుగ్సలాయి పేటలో ఏదో షెడ్డులో మోటారుకి తీగ కలుపుతున్నాడు. స్విచ్చు దగ్గర కాపలా ఉన్నవాడు ఖైనీ పొగాకు అడుక్కోడానికి పక్కకి పోయాడు. ఎవడో వచ్చాడు, మోటారు తిరగట్లేదు, స్విచ్చు కిందికి ఉంది. పైకెత్తాడు. వాడి తప్పేటి పాపం? స్విచ్చన్నాక ఎత్తుతారు. సాగనంపడానికి సువర్ణరేఖ ఏటి ఒడ్డుకి మేమందరం వెళ్లాం. పోలరాజు గుప్పిట్లోంచి ప్లయరు రాలేదయ్యా. వాళ్లన్న పక్కన కూచుని, నిద్రపోతున్న పిల్లాడి వేళ్లు విప్పినట్టు, ఒక్కొక్కటీ విప్పుతున్నాడు. "వదలరా, ఇంక వదలరా" అని. అది చూసొచ్చాక మా ఇంట్లో లైటు కూడా మీ అత్తే వేస్తాది. నేను ముట్టుకోను.

ఎందుకు చెప్పాను ఇది? వేరే మాటాడదాం.

విజయనగరం కాలేజీలో కరెంటు గురించి పేజీలకి పేజీలు రాశాన్నేను. నవ్వకు. మా ఫిజిక్సు మేస్టారు బొమ్మ వేసేవారు బోర్డు మీద. ఒక బేటరీ, ఒక దీపం, మధ్యన తీగ, తీగ మీద బాణం గుర్తు. ఇటు నుంచి వత్తాది, అటు పోతాది. ఎంత నెమ్మదైన కరెంటో ఆ బొమ్మలోది! ఎటునుంచి వత్తాదో ముందే బాణం గుర్తు చెప్పేది. నిజం కరెంటుకి బాణం గుర్తులుండవు. నల్ల తీగ, నోరు మూసుకుని పడుకుని ఉంటాది. లోపల ఉందో లేదో దానికే తెలియాలి.

గుగ్గిలం వాసన వత్తన్నాది. అంటే టంకం కరిగించే కాయ బొగ్గుల మీంచి తీసి పోత్తన్నావన్నమాట. పొద్దున్న చెప్పావుగా నాకు: పందిట్లో ఫ్యానుల్ని ఉన్న ఫ్యూజుల మీదే వేస్తే ఆ ఫ్యూజులు మాడి ఊరుకుంటున్నాయి, అందుకని మెయిన్ నుంచి పేనెలుకొచ్చే ఫీడరు తీగనే పట్టుకోవాలి, తెగ్గొయ్యకూడదు, మధ్యలో రబ్బరు ఒలిచి, రాగి కనబడేలా గీకి, కొత్త తీగని దాని నడుముకి మొలతాడులా బిగించి చుట్టి, టంకం పోసి, నల్ల టేపు వెయ్యాలి. ఆ రెండు తీగలూ ఇప్పుడు నీ మొహం ముందు బట్టల్లేకుండా నిలబడున్నాయి. ఫ్యూజులు జారతాయేమోనని జేబు బయట్నుంచి పట్టుకున్నాను.

ఎవరది? ఏసుమణా? ఆగమ్మా, అక్కడే ఆగు! ఇటు రాకు. ఆ కొంగు, కొంగు దగ్గరికి లాక్కో!... ఎవరితోనా? గోడతో మాటాడతన్నాను. నవ్వు, బాగా నవ్వు. ఇందాక ఆ రిక్షావాడూ అదే అన్నాడు, "బుడ్ఢా పాగల్ హో గయా" అని, ముసలాడికి పిచ్చెక్కిందట. గోడవతల మా అల్లుడున్నాడమ్మా, పేనెలులో చేతులు పెట్టుకుని... మైకు పలకట్లేదా? ఎలా పలుకుతాది, కరెంటు మేమే తీసేశాం. పాట ప్రాక్టీసు కాసేపాగి చేసుకోండి... పాస్టరమ్మగారు కోప్పడుతున్నారా? అయితే అసిరయ్యని అడుగు. ఆ మైకుసెట్టు అసిరయ్యనే. నిన్న సభలో వెలుగు తెచ్చాడుగా, ఇవాళ మైకు తేలేడా? పో, వాడి చెవిన వెయ్యి. నన్నిక్కడ కదిలించకు.

పోయింది. హమ్మయ్య.

ఆ, వింటన్నావా? ఏసుమణిలే. అవునూ, నిన్న నువ్వు బి-షిఫ్టులో ఉండిపోయావు. తమాషా అంతా పోగొట్టుకున్నావు. మొదటి రోజు సభ, మన భుయ్యాడీహ్ బస్తీలో ఉన్న తెలుగువాళ్లందరూ ఇక్కడే. పాస్టరుగారు కళ్లు మూసుకుని పెద్ద ప్రార్థన మొదలెట్టారు. ఆయన ప్రార్థన సంగతి నీకు తెలుసు, నేను కూడా ఆయన ముందు దిగదుడుపే. సరిగ్గా మధ్యలో కరెంటు పోయింది. చీకటి. ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు గనక ఆయనకి తెలియలేదు, ప్రార్థన అలా సాగుతూనే ఉంది! వెనక ఆడవాళ్లు కిసుక్కున నవ్వడం, మీ అత్త నన్ను గిల్లడం. నేనేం చేశానని?

అప్పుడు అసిరయ్య లేచాడు. గట్టివాడే. మన శ్రీకాకుళం వైపువాడు, ఇనప బండి మీద డైనమో తోసుకుంటూ పెళ్లిళ్లకీ సభలకీ తిరుగుతాడు. "మేస్టారూ, మీరు మెయిన్ దించండి, నాను చూసుకుంతాను" అన్నాడు. దించాను. భయపడుతూనే దించాను. వాడు పందిరి వెనక బండి దగ్గర్నుంచి తీగ కిటికీలోంచి లోపలికి విసిరాడు. పాస్టరుగారు నిలబడే పులిపిటు పక్కన మైకు ప్లగ్గుంటాదే, అది పీకేసి, ఆ కన్నాల్లో వాడి ప్లగ్గు పెట్టాడు. బయటికి పోయి హేండిలు తిప్పాడు. ఇంజను డుగుడుగుమంది. అది వేగం అందుకున్నాక వాడి స్విచ్చు వాడు వేశాడు. అంతే. గుళ్లో దీపాలన్నీ వెలిగాయి! ఆ ఒక్క ప్లగ్గులోంచి లైట్లూ, ఫ్యానులూ, అన్నీ! నేను ముక్కు మీద వేలేసుకున్నాను. కరెంటు ఎదురు నడిచినట్టు...

ఎదురు నడిచినట్టు.

ఆ ప్లగ్గు తీశాడా వాడు?

కిటికీలోంచి తీగ... ఇందాక నేను లోపలికొచ్చినప్పుడు తీగ దాటుకుంటూ వచ్చాను. గుమ్మం పక్కన. పంచె తగులుకుంది కూడా.

హేండిలు తిప్పుతున్నాడు. పందిరి వెనక. ఎవరో హేండిలు...

అంటుకుంది. ఇంజను అంటుకుంది. ఒ...

...

...

వద్దు. పట్టుకోకు. ఈ మెట్టు మీద కూర్చోనీ.

నీ చేతులేవీ? చూపించు. రెండూ చూపించు. తిప్పు. వేళ్లు కదుపు. ఆఁ.

ఏటలా చూత్తావు? "ఎందుకాపావు మామయ్యా" అని తిట్టడానికే వచ్చావా? తిట్టు. హాలులోకి ఒక్కసారి చూసి తిట్టు. చూశావా ఫ్యానులు? అన్నీ తిరుగుతున్నాయి. ఫ్యూజులు రెండూ నా జేబులో ఉన్నాయి, ఇవిగో, మెయిన్ కిందికుంది, అయినా ఫ్యానులు తిరుగుతున్నాయి. పులిపిటు పక్క ప్లగ్గులోంచి వచ్చి, పేనెలులోంచి, నువ్వు ఒలిచి పెట్టిన ఆ రాగి మీదికి... నీ టంకం ఆరను కూడా లేదు.

అదిగో పీకు. పీకెయ్యి ఆ ప్లగ్గు. తీగ చుట్టి కిటికీలోంచి బయటికి విసిరెయ్యి.

అసిరయ్యని కొట్టకు. చూడు వాణ్ణి, పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు, పెదాలు తెల్లబడిపోయాయి. కరెంటు పోయిందంటే డైనమో తిప్పడం వాడి పని. వాడి పని వాడు చేశాడు. స్విచ్చన్నాక ఎత్తుతారు.

కాసిన్ని నీళ్లు తాగు. నాకూ ఇయ్యి. చెంబు నువ్వే పట్టుకుని పొయ్యి.

బాబూ, పాస్టరుగారు వత్తన్నారు. ఆయన వెనకాల మీ అత్తా, ఆనందకుమారీ. అందరూ అడుగుతారు. నువ్వేటి చెబుతావో నాకు తెలుసు. "మామయ్య ఇంజను చప్పుడు వినగానే టక్కున నోరు మూశాడు, నేను చేతులు లాగేసుకున్నాను" అంటావు. ఆనందకుమారి నా కాళ్లమీద పడతాది. ఆదివారం నాడు పాస్టరుగారు నా బుద్ధికుశలత గురించి ప్రసంగం చేస్తారు. చెప్పనీ. ఆ పిల్ల మొహం చూసి నేను కాదనలేను.

కానీ నీకు చెప్పాలి. వాళ్లు మెట్లెక్కేలోగా చెప్పెయ్యాలి. ఇలా దగ్గరికి రా, ఈ చెవి కాదు, నీ మంచి చెవి.

ఏసుమణిని అసిరయ్య దగ్గరికి పంపింది నేనే. ఆవిడ మైకు అడిగితే, నా గొప్పకి పోయి, "వాడి చెవిన వెయ్యి" అన్నాను. అది ఒకటి.

రెండోది... నేను నోరు మూయలేదు, పౌలూ. నీ పద్ధతీ గిద్ధతీ నాకు ఆ నిమిషాన గుర్తే లేదు. నేను అరవబోయాను. "ఒరే" అని. అల్లుడివయ్యాక ఒరే అనకూడదని మీ అత్త ఆర్డరు గాని, చిన్నప్పట్నుంచీ నోట్లో పడున్న మాట, అదే వచ్చింది. సగమే వచ్చింది. తరవాత గొంతు పూడిపోయింది. భయం. పోలరాజు వేళ్లు కనబడ్డాయి. నోరు తెరుచుకునే ఉంది, లోపల్నుంచి గాలి కూడా రాలేదు. గోడకి అంటుకుని అలా నిలబడిపోయాను, నువ్వు వచ్చి భుజం పట్టుకుని కుదిపిందాకా.

అంటే ఏటో తెలుసా? ధైర్యం ఉన్నవాడెవడైనా ఇక్కడుంటే, "ఒరే పౌలూ, చెయ్యి తియ్యరా, చెయ్యి తియ్యరా" అని గొంతు చించుకునేవాడు. నువ్వేమో నీ సగం చెవులతో, "మామయ్య ఉన్నాడు, గట్టిగానే ఉన్నాడు" అనుకుని, ఇంకో చుట్టు బిగించేవాడివి.

నవ్వకు. ఏడవకు కూడా. వాళ్లొచ్చేశారు, మొహం తుడుచుకో.

ఏటి? ఇంకా రెండో తీగకి టేపు వెయ్యాలా? మళ్లీ లోపలికి పోతావా? ఇప్పుడా? ...సరేలే. ఒలిచిన తీగని అలా వదిలేసి పోలేం, నిజమే. ఫ్యూజులు ఇలా నా గుప్పిట్లోనే పెట్టుకుంటాను. అసిరయ్యని కూడా నా పక్కనే కూర్చోబెట్టు, వాడి హేండిలు తెచ్చి నా ఒళ్లో పెట్టు.

మాటాడతాన్లే. ఆపను. వెళ్లు.

ఒరే, ఒక్కసారాగు.

ఏటి మాటాడమంటావో చెప్పి పో. నాకేటీ తోచట్లేదు.