రిజిస్టర్‌లో రెండు ఖాళీ లైన్లు

హలో… ఆ, నేనే. సైదులునే. చెప్పండ్రి ఇంద్రాణి మేడం.

…లేదు లేదు, మాట్లాడొచ్చు. దిల్‌సుఖ్‌నగర్ల, కోచింగ్ సెంటర్ కింద జెరాక్స్ షాపు. …నాది కాదు మేడం, జీతానికే చేస్తున్న.

ఒక్క నిమిషం— ఆధార్ రెండు దిక్కులా తియ్యాల్నా అమ్మా? జర ఆగు, ఇస్త.

ఆ మేడం. నా పెన్షన్ పైసల ఫారం ఏమాయె? సారు సంతకం పెట్టిండా?

…పెట్టలే.

నౌకరి ఇడిసిపెట్టి నాలుగు నెలలాయె మేడం. పదకొండేండ్లు నెలనెలా నా జీతంల కోసిన పైసలు. ఎవరినో దానం అడుగుతలేను గద.

…ఎరుకే. అరవై నిండకముందే పోయినోనికి ఇరవై శాతమే చేతికిస్తరు, మిగిలింది నెలనెలా పెన్షన్ లెక్క వస్తదంట. ఆ ఇరవై శాతమే అడుగుతున్న. చంపాపేట్ల షాపుకు చిన్న మడిగె కిరాయికి చూసిన అని చెప్పిన గద… ఆ, సొంతంగ ఒక మిషన్ పెట్టుకుందామని. మడిగె ఓనరు వెంకట్రావుగారు శుక్రవారం దాంక ఆగుతనన్నడు. దాటితే మొబైల్ షాపోళ్లకు ఇస్తడు.

…అయితే సారుకొచ్చిన కష్టమేంది?

…నా రాజీనామా లెటరా? అండ్ల ఏముంది? ఉన్నదే రాసిన. మా అమ్మ దవాఖానల ఉంటె మూడు సార్లు లీవ్ అడిగిన, మూడు సార్లూ ఇయ్యలే. పద్నాలుగో తారీఖు నేను ఆఫీసుల ఉండంగనే పాణం పోయింది. ఇగ ఈ నౌకరి నాకొద్దు. గంతే. ఒక్క తిట్టు రాయలే మేడం.

…ప్రమోషనా? సాంబమూర్తి సారుకు? ఓహో. ఫారంతోని నా లెటర్ గూడ పై ఆఫీసుకు పోతదని భయం.

…కొత్త లెటర్ మీరే టైపు చేసిన్రా. వాట్సాప్‌ల… ఆగండ్రి, చూస్త.

…వచ్చింది. ప్రింటేస్తున్న.

ఇగో. 'నా స్వంత కారణముల వలన…'

సరే మేడం. …లేదు, నిజంగనే సరే. 'అలా అనకు సైదులూ' అంటరేంది, నేనేమన్న? నాలుగు నెలల్ల కోపం గూడ అరిగిపోయింది. మా అమ్మ కిష్టమ్మ ఎట్ల పోయిందో ఆమె కొడుక్కి ఎరుక. కాగితానికి ఎరుక లేకుంటె ఏమాయె. పెన్ను ఏడుంది… ఆ. పెడుతున్న.

…

మేడం. ఈ తారీఖేంది?

…పన్నెండా? నేనిచ్చింది పదిహేడుకు గద. అమ్మ మూడొద్దుల కర్మ అయినంక.

…ఓహో. పదిహేడు ఉంటె, అంతకుముందు లీవెందుకు ఇయ్యలేదని అడుగుతరు. పన్నెండుకే నౌకరి ఇడిసిపెట్టిన అని రాస్తె ఇగ లీవ్ ముచ్చటే లేదు. మస్తు తెలివి. మీదా, సారుదా?

…సరే, మీరు కాదు. మరి ఇన్వర్డ్ రిజిస్టర్? ఆఫీసుకొచ్చిన కాగితం ఏ రోజుది ఆ రోజే ఎక్కాలె గద. నాలుగు నెలల కింది పేజీల నంబరు ఎట్లేస్తరు?

…

ఖాళీ లైన్లా.

…చెప్పకండ్రి. ఆ లైన్లు ఇడిసిపెట్టింది నేనే. రోజూ సాయంత్రం సారు చెప్తుండె గద, 'సైదులూ, కింద రెండు లైన్లు వదిలేయ్, ఎప్పుడో పనికొస్తాయి' అని. పదకొండేండ్లు ఇడిసిపెట్టిన. ఎవరి కాగితం ఎనక తారీఖుకు ఎక్కించిన్రో, ఎవరి నోరు కొట్టిన్రో, ఒక్కనాడు అడగలే. చెప్పింది చేసిన, నెలకు జీతం తీసుకున్న. సిగ్గనిపిస్తుంది మేడం ఇప్పుడు.

…పన్నెండు నాడు నేను మీ పక్క కుర్చీలనే ఉన్న. యాదున్నదా? పొద్దుగాల లీవ్ లెటర్ ఇస్తే ఎర్ర పెన్నుతోని కొట్టిండు. మీరే మంచినీళ్ల బాటిల్ ఇచ్చిన్రు. మధ్యాహ్నం ఎల్బీనగర్ దవాఖానల నుంచి అమ్మ ఫోన్ చేసింది. 'ఒస్తున్నవా బిడ్డా' అన్నది. మన ఆఫీసు నుంచి ఆడికి బస్సుల అయిదు గంటలు పడుతది మేడం. 'రేపొస్తనే' అని చెప్పిన. ఫోన్ పెట్టేసి, సాయంత్రం రెండు లైన్లు ఇడిసిపెట్టి, గీత గొట్టి, బీరువాకు తాళమేసిన.

ఇప్పుడు ఆ లైన్లనే నన్నెక్కిస్తరా? ఆ రోజుకే నాకు నౌకరి లేకుండె అని?

నౌకరి లేకుంటె నేను అమ్మ కాడ ఎందుకు లేను మేడం?

…

…ఎవరు? పక్కనే ఉన్నడా? ఇంతసేపు స్పీకర్ల పెట్టిన్రా?

…నమస్తే సార్.

…ఇన్నరు గద సార్ అంతా. 'స్వంత కారణాలు' ఉండనియ్యండ్రి, దానికి ఒప్పుకున్న. తారీఖొక్కటి పదిహేడు పెట్టుండ్రి. ఇప్పుడే సంతకం చేసి పంపిస్త. …బతిమాలుతున్న సార్. శుక్రవారం దాటితే మడిగె పోతది.

…మీకు రెండంకెలే సార్. ఆ రోజు మా అమ్మ బతికి ఉండె. నా కోసం చూస్తుండె.

…అంటె, పన్నెండు లేకుంటె మీ సంతకం లేదు. గంతేనా?

…

సార్, ఒక మాట. మీ గొంతు ఇనంగనే లేచి నిలబడ్డ. ఈడ, మిషన్ ముంగట, షాపుల అందరు చూస్తుంటె. నౌకరి పోయి నాలుగు నెలలాయె, కాళ్లకు ఇంక తెల్వలే.

…లేదు సార్. సంతకం చెయ్య.

…పోతది, ఎరుకే. మీకన్న నాకే ఎక్వ ఎరుక. వెంకట్రావుగారికి నేనే ఫోన్ చేసి చెప్పుకుంట. పై ఆఫీసుల చుట్టు తిరుగుత. ఎవ్వరు ఇయ్యకుంటె అరవై నిండేదాంక ఆగుత. అవి నా పైసలు, యాడికి పోవు. ఆ రెండు లైన్లు మాత్రం నా పేరుతోని నింపనియ్య.

…అరవండ్రి సార్. ఇంటున్న.

…

ఇగో… కూసున్న. పెట్టేస్తున్న.