చిన్న ఊరికి పెర్లీటా అక్క పెద్ద ప్రయాణం

సభకు అధ్యక్షత వహిస్తూ, అంతకన్నా ముఖ్యంగా నూడుల్స్ గిన్నెకు కాపలా కాస్తున్న సోలెడాద్ అత్తకూ, ఈ హాలును ఉచితంగా ఇచ్చి వేడిని మాత్రం పొదుపుగా పెట్టిన చర్చి ఫాదర్ గారికీ, కోట్లు విప్పకుండానే ఆసీనులైన ఈ కెనడా చలిలోని విన్నిపెగ్ ఫిలిప్పీన్ బంధుమిత్రులకూ నమస్కారాలు. (నవ్వులు)

మన వృద్ధాశ్రమం వంటింటిని ఇన్నేళ్లు ఏలిన పెర్లీటా అక్క, ఎలుగుబంట్లకు కూడా చలివేసే ఓ చిన్న ఊరికి ఇవాళ బయల్దేరుతోంది. కారణం మీకు తెలుసు. అయినా చెప్పడం ఉపన్యాసకుడి హక్కు. ఇంతకాలం ఈ నగరంలో పనిచేస్తే చాలు, శాశ్వత నివాసం కోసం వరసలో నిలబడనిచ్చేవారు. అది చేతికొస్తేనే అక్క తన కూతురు జోనలిన్‌ను ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో అనే మన ఊరి నుంచి తెచ్చుకోగలదు. ఆకులు రాలే కాలంలో ఆ నియమాలు మారాయి.

మార్పును మనకు విశదీకరించిన మహానుభావుడు నెస్టర్ అన్నయ్య. ఫోన్లో ఒక వీడియో సగం చూసి, ఇక్కడే లేచి నిలబడి, "అయిపోయింది! సిటీ వాళ్లకి తలుపులేసేశారు. పెట్టెలు సర్దుకోండి!" అన్నాడు. అని ఊరుకున్నాడా, మర్నాడే రైస్ కుక్కర్ అమ్మేశాడు. మనవాడొకడు రైస్ కుక్కర్ అమ్మాడంటే దేశం వదిలినట్టే కనుక అందరం నమ్మాం. సోలెడాద్ అత్త ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కాకపోతే హుందాగా. (నవ్వులు)

అక్క మాత్రం కళ్లు తుడుచుకుంటూ అడిగింది: "ఒరే నెస్టర్, మిగతా సగంలో ఏముందిరా?"

"ఏముంటుందక్కా, అదే ఏడుపు."

"పెట్టు. ఏడుపైతే కలిసే ఏడుద్దాం."

అసలు సంగతి అందులోనే ఉంది. మనుషులు కరువైన చిన్న ఊళ్లలో పనికి ఒప్పుకున్నవాళ్లను శాశ్వత నివాసానికి ముందు పిలుస్తారట. అక్క అలాంటి ఊరి వృద్ధాశ్రమానికి ఫోన్ చేస్తే, "చలికాలం కూడా ఉంటారా?" అని అడిగారు. "నా కూతురొచ్చేదాకా ఉంటా. ఆ తర్వాత అది ఉండనిస్తే ఇంకా ఉంటా" అంది. ఉద్యోగం ఇచ్చేశారు. నెస్టర్ అన్నయ్య కుక్కర్ అమ్మిన నాటి నుంచి మా గదిలోనే భోంచేస్తున్నాడు. తల దించుకోకన్నయ్యా, మారు అన్నం అడగడానికి మళ్లీ ఎత్తాలి.

నేను ఇక్కడే ఉంటాను. డిగ్రీ చదివినవాణ్ణి కదా, ధైర్యం ఆలస్యంగా వస్తుంది. నిన్న అడిగాను: "అక్కా, అక్కడ మనవాళ్లు ఒక్కరూ లేరే, ఎవరితో మాట్లాడతావ్?"

"వండితే వాళ్లే వస్తార్రా. నువ్వు రాలేదూ?"



నిజమే. ఈ దేశంలో దిగిన వారం, ఎవరినీ ఎరగని నేను ఆమె చింతపండు పులుసు వాసన పట్టుకునే ఆమె ఇంటి మెట్లెక్కాను.

అక్క బస్సు నాలుగింటికి. మన భోజనాలు నాలుగింటికి ముగిసే రకం కావు. తింటుండగా ఒకరు లేచి వెళ్తే, దారిలో కీడు తగలకుండా మిగిలినవాళ్లం ఎవరి పళ్లెం వాళ్లు గుండ్రంగా తిప్పాలి కదా, మన ఊళ్ల ఆచారం! ఫాదర్ గారు కాసేపు అటు చూడాలి. అక్కా, కోటు వేసుకో. అందరూ అక్క కోసం ఒక చుట్టు తిప్పండి. ఇంకా టికెట్టు కొనకపోయినా సరే, జోనలిన్ కోసం ఇంకో చుట్టు.

తినడం మధ్యలో ఆపి ఓపిగ్గా విన్నందుకు కృతజ్ఞతలు. నాకు సెలవిప్పించండి. అక్కా, వెళ్లి రా.