ఇప్పసారాలో ఇథిలీన్‌ను చూపిన కస్తూరి గారు

1969వ సంవత్సరం జూలై పద్నాలుగవ తేదీన శ్రీమతి బెలిదె కస్తూరి గారు జనగామ జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్ర ఉపన్యాసకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. స్వీకరించారన్న మాటే గాని, ఆనాడు ఆ కళాశాలలో గోడలూ బెంచీలూ తప్ప ఏమున్నాయి కనుక! ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. విద్యార్థులు వీధుల్లో ఉన్నారు, గదులకు తాళాలు పడ్డాయి. ఊరికే కూర్చుని జీతం తీసుకోవడం మనస్కరించని కస్తూరి గారు, నినాదాలతో గొంతు బొంగురుపోయిన పిల్లలను సాయంత్రం పూట తమ తండ్రి గారి నూనె దుకాణం అరుగు మీదికి పిలిపించి ఆల్కీన్‌ల పాఠం మొదలుపెట్టారు. నూనెలోని కార్బన్ పరమాణువుల నడుమ ఉండే జంట బంధాలలో ఒకటి విడివడి హైడ్రోజన్‌ను చేర్చుకుంటే అదే నూనె గడ్డకట్టి డాల్డా అవుతుందని, రెండు డబ్బాలనూ పక్కపక్కన పెట్టి మరీ చూపించేవారు. తండ్రి వీరయ్య గారు మాత్రం, "బిడ్డా, పాఠమైనంక మూత వెట్టు, ఈగలు వడ్తయ్" అని గల్లా దగ్గర నుంచే హెచ్చరించేవారట.

1973లో వారు మానుకోట కళాశాలకు బదిలీపై వచ్చారు. తెలుగు ఉపన్యాసకుడనైన నాకు వారితో పరిచయభాగ్యం అక్కడే కలిగింది. భాగ్యమని ఇప్పుడంటున్నాను గాని, అప్పట్లో అది నా ప్రాణానికి వచ్చింది. నేను గొంతెత్తి పద్యం అందుకునే సరికి పక్క గదిలో పెళ్లివారిల్లంత గోల! ఏమిటా అని తొంగిచూస్తే, పిల్లలు ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి రెండేసి చేతులు పట్టుకుని ఉన్నారు. "గిదే ద్విబంధం. ఇగ ఒక్క చెయ్యి ఇడువుండ్రి, పక్క జంట చెయ్యి అందుకోండ్రి. రెండో చెయ్యి మాత్రం ఇడువద్దు" అని కస్తూరి గారు ఆజ్ఞాపించగానే, జంటలన్నీ కలిసి గది ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క గొలుసయ్యాయి. చిన్న అణువులు ఇలా ఒకదానికొకటి చేరి పాలిథీన్ వంటి మహా అణువు కావడాన్నే సంకలన పాలిమరీకరణం అంటారని, రసాయనశాస్త్రమంటే ఆమడ దూరం పారిపోయే నాకు కూడా ఆనాడే బోధపడింది.

ఇక వారి కీర్తికి శిఖరప్రాయమైన ఘట్టం 1976లో జరిగింది. మా సైన్సు గ్రూపును కొనసాగించాలో మూసివేయాలో తేల్చడానికి తనిఖీ అధికారి వస్తున్నారు. ఇథిలీన్ తయారీ చూపించాలంటే ఆల్కహాల్ కావాలి, ఆల్కహాల్ కావాలంటే ఆబ్కారీ వారి అనుమతి కావాలి. ఆ అనుమతి ఎంతకూ రాలేదు. మేడమ్ పరేషాన్ చూడలేక, గంగారం వైపు తండా నుంచి వచ్చి చదువుకుంటున్న నీలి, "మా తండాల ఇప్పసారా తీస్తరు మేడమ్, గది పనికొస్తదా?" అని అడిగింది. "ఎందుకు రాదే! అండ్ల ఉన్నది సుత ఆల్కహాలే. నీళ్లు గలపని గట్టిది జరంత తెమ్మను, మళ్ల కాచి బట్టీ వడ్దాం" అన్నారు కస్తూరి గారు.

నీలి ఇంట్లో ఏం చెప్పిందో గాని, ఆమె తండ్రి టీక్యా గారికి అర్థమైంది మాత్రం, పంతులమ్మకు సారా తాగాలని ఉన్నదని! వారి తండాలో ఆడవారు తాగడం తప్పు కాదు, పైగా గౌరవనీయులైన అతిథికి మొదటి దొప్ప అందించడం ఆచారం. సరిగ్గా తనిఖీ రోజున, అధికారితో పాటు మేమందరమూ కొలువుదీరి ఉన్న ప్రిన్సిపాల్ గారి గదిలోకి, భుజాన ప్లాస్టిక్ డబ్బాతో, మోదుగాకు దొప్పలతో టీక్యా గారు విచ్చేశారు. దేవతకని నాలుగు చుక్కలు నేల మీద వదిలి, దొప్ప నింపి, రెండు చేతులతో కస్తూరి గారి ముందుకు చాపారు.

"పంతులమ్మా, నా బిడ్డకు సదువు చెప్తున్నవ్. మొదటి దొప్ప నీదే. సిగ్గువడకు, తాగు!"

వెల్లుల్లి వాసన కూడా సోకని ఇంటి ఆడపడుచు ముందు ఇప్పసారా! అధికారి భగ్గుమన్నారు. "ఇదా మీ సైన్సు గ్రూపు? రేపే మూయిస్తాను. మీ ఉద్యోగం సంగతి కూడా చూస్తాను" అని లేచారు. గుమ్మం దగ్గర నీలి వెక్కి వెక్కి ఏడుస్తోంది. గ్రూపు పోతే వరంగల్లు పంపే స్తోమత ఆ తండ్రికి లేదు. ఆ పిల్ల చదువు ఆగిపోయి, దంతాలపల్లి చేలల్లో మిరపకాయ ఏరడానికి పోవలసిందే.

కస్తూరి గారు ఆ దొప్పను రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నారు. "టీక్యన్నా, నీ మర్యాద నాకు దక్కింది. ఇది తాగేతందుకు కాదు, దీంతోని పనుంది, కూసో" అని, అధికారి వైపు తిరిగి, "మూయించే ముందు ఈ ఒక్క పూట ఆగండి. ఈ దొప్పలోనే పాలిథీన్‌కు తల్లి ఉన్నది, చూపిస్తాను" అన్నారు.

ప్రయోగశాలలో సారాను మళ్లీ బట్టీ పట్టి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడిచేసి, వచ్చిన వాయువును బ్రోమిన్ జలంలోకి పంపింది నీలియే. ఎర్రని నీరు చూస్తుండగానే తేటపడింది. అయినా అధికారి మెత్తబడలేదు. "సల్ఫర్ డయాక్సైడ్ పడినా రంగు పోతుంది కదా?" అని గద్దించారు. కస్తూరి గారు నీలి వైపు చూశారు.

"దాన్ని నడుమ ఈ కాస్టిక్ సోడా సీసాలనే పట్టేసినం సార్. ఇటు వచ్చింది ఇథిలీనే. మా నాయిన తెచ్చిన డబ్బా సుత గీ ఇథిలీన్ గొలుసే" అన్నది నీలి, కన్నీళ్లు తుడుచుకుని.

గొలుసెట్లాగో చూపించమన్నారు అధికారి. పిల్లలు జంటలు కట్టి చేతులు కలిపారు. టీక్యా గారు తామూ చేరి, "పట్టుకో సారూ, ఏంగాదు" అని అధికారి చెయ్యి కూడా లాక్కున్నారు! ఆ మహానుభావుడు నవ్వక తప్పలేదు, సైన్సు గ్రూపు నిలిచింది. ఆహా, ఆ సాయంత్రం మా స్టాఫ్ రూము వైభవం ఏమని చెప్పను!

1983లో వారితో పాటు నేనూ బొగ్గు గనులతో పెరుగుతున్న భూపాలపల్లికి వచ్చాను. గత సంవత్సరం ఎమ్మెస్సీ పట్టాతో మా కళాశాలలోనే ఉపన్యాసకురాలిగా చేరిన నీలి గారికి, ఈ 1988 జూన్ ముప్పయ్యవ తేదీన తమ పదవీ విరమణ సభలో కస్తూరి గారు ప్రయోగశాల తాళంచెవులు అప్పగిస్తున్నారు. మొన్న టీక్యా గారు నన్ను పట్టుకుని, "సభకు మొదటి దొప్ప తెస్త. ఈపారన్న తాగుతదా పంతులమ్మ?" అని అడిగారు. ఆ మాట చేరవేస్తే కస్తూరి గారు పకపకా నవ్వి, "తెమ్మనుండ్రి. నేను తాగ గాని, దాన్నేం జెయ్యాల్నో కొత్త మేడమ్‌కు తెలుసు" అన్నారు. అనేసి ముఖం పక్కకు తిప్పుకున్నారు.

కస్తూరి గారూ, మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. నేడు ఒక చెయ్యి విడిపించుకుని వెళ్తున్నారు, వెళ్లండి. రెండో చెయ్యి విడువరాదని మాకు నేర్పింది మీరే.