మామిడి ముక్క, దాని పొర

ఈ వీడ్కోలు సభకు పెద్దదిక్కుగా కూర్చున్న మా హెడ్మాస్టరు త్రినాథరావుగారికీ, హాలు ఇచ్చిన రైల్వే పెద్దలకీ, డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చిన షెడ్డు మిత్రులకీ, అటు చాపల మీద కూర్చుని నేనెప్పుడు ముగిస్తానా అని చూస్తున్న అమ్మలకీ అక్కలకీ నమస్కారం. (నవ్వులు)

ఇంతసేపూ మీరు నన్ను పొగిడారు. ఒక్కొక్కరూ లేచి మాట్లాడుతుంటే, వీళ్లు చెబుతున్న రమణమూర్తి మాస్టారెవరో ఒకసారి చూసి వస్తే బాగుండునని నాకే అనిపించింది. పొగడ్తలకు జవాబు చెప్పడం నాకు చేతకాదు. ముప్పై ఏళ్లుగా ఈ హిందీ ఊళ్లో మన తెలుగు పిల్లలకు చెప్పిన సైన్సు పాఠం ఒకటుంది, దాన్నే చివరిసారి చెప్పి దిగిపోతాను. ఎర్రయ్యా, తలుపు దగ్గరికి జరగకు, ఇది నీ పాఠమే. (నవ్వులు)

మన ఒళ్లయినా, మామిడికాయైనా, చెరువులో నాచైనా కంటికి ఆనని చిన్న చిన్న కణాలతో కట్టినవే. ప్రతి కణం చుట్టూ ఒక పొర ఉంటుంది, పుస్తకాల్లో దాన్ని కణత్వచం అంటాం. అది ఎంత పలచనంటే, మన స్కూలు మైక్రోస్కోపు సంగతి సరే, దొరల దేశంలో పెద్ద పెద్ద మైక్రోస్కోపులకు కూడా ఇంతవరకు అందలేదు. కొవ్వు రేణువులు రెండు వరసలుగా నిలబడి ఆ పొర కట్టాయని పండితులు లెక్కలు కట్టి చెబుతున్నారు. చూడలేకపోయినా అది చేసే పని మాత్రం మనకు తెలుస్తుంది. నీళ్లను రానిస్తుంది, పోనిస్తుంది, ఉప్పును గుమ్మంలోనే నిలబెడుతుంది, లోపలి సరుకును బయటికి జారనివ్వదు. ప్రాణం ఉన్నంతకాలం ఆ కాపలా మానదు.

అది పిల్లలకు చూపించడానికి మొదట్లో కోడిగుడ్డు తెచ్చాను. త్రినాథరావుగారి తల్లిగారు అప్పయమ్మగారికి ఆ సంగతి తెలిసి, బడిలో గుడ్లేమిటని మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆవిడకు ఎదురు చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది, అధ్యక్షులవారికీ లేకపోయింది. (నవ్వులు. అధ్యక్షులు తలూపారు.) అప్పుడు మా ఆవిడ లక్ష్మీనరసమ్మ మాగాయకని తరుగుతున్న ముక్కలు ఒక గిన్నెడు నా చేతికిచ్చి, వీటికెవరూ అడ్డు చెప్పరు, పట్టుకెళ్లండి అంది.

రెండు పళ్లాల్లో ముక్కలు వేసి, ఒకదాని మీద ఉప్పు చల్లాను. బడి వదిలేసరికి ఆ పళ్లెంలో ఊట నిలిచింది. నీళ్లెవరూ పొయ్యలేదు, ముక్కలోని నీళ్లే పొర దాటి ఉప్పు వైపు వచ్చేశాయి. వెంటనే తీసి మంచినీళ్లలో వేస్తే ముక్క ఆ నీళ్లు మళ్లీ పీల్చుకుని గట్టిపడుతుంది. అదే మూడు రోజులు ఊరిందనుకోండి, పొర చచ్చిపోతుంది, ఉప్పు లోపలికంటా దిగిపోతుంది. ఆపైన ఎన్ని మంచినీళ్లలో వేసినా అది పచ్చిముక్క కాదు. ఈ రెండో భాగం నేను ఏనాడూ సరిగా చూపించలేకపోయాను, ఎందుకంటే మూడో రోజుకి ముక్కలు మిగిలేవి కావు. ఎందుకు మిగిలేవి కావో ఎర్రయ్యనడగండి. ఇప్పుడు ఇంజను డ్రైవరయ్యాడు కనక భయపడకుండా చెబుతాడు. (పెద్ద నవ్వులు)

అచ్ఛా, ఇక అసలు సంగతి. వచ్చే సోమవారం మేమిద్దరం మా సొంతూరు బొబ్బిలి వెళ్లిపోతున్నాం. క్వార్టరు ఖాళీ చెయ్యాలి, మా తమ్ముడు అక్కడ గదికి సున్నం వేయించి ఉంచాడు. మామిడికాయల రోజులొస్తే చాలు, మా ఊరి కాయ, మా ఊరి కాయ అని మా ఆవిడ ఇన్నేళ్లూ కలవరించింది. ఆవిడ కోరిక తీర్చడం న్యాయమే కాని, నాకు మాత్రం దుఃఖంగా ఉంది. కిందటి వేసవిలో బొబ్బిలి బజారులో కూరలమ్మే ఆవిడను, నాకు తెలియకుండానే, 'కిత్నా?' అని హిందీలో ధర అడిగాను. ఆవిడ నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. నేను ఊరిపోయిన ముక్కనని ఆ రోజే తెలిసింది. మిమ్మల్ని వదిలి వెళ్లాలని నాకు లేదు. ఇంట్లో చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను.

(చాపల వైపు గుసగుసలు)

ఆడవాళ్ల వైపు ఏదో అంటున్నారు. ఏమంటున్నావు? లేచి చెప్పు, అందరూ వింటారు.

(శ్రీమతి లక్ష్మీనరసమ్మ లేచి: "మాగాయికి ఎండెట్టిన ముక్కని ఏటి సేస్తాం? దాని ఊటలోనే కదా మళ్లీ ఎయ్యాల. మన ఊటంతా ఈ ఊళ్లోనే ఉంది. ఎల్దామని మీరే అనీసుకున్నారు గాని, నన్నెవులడిగినారు?")

(చాలాసేపు చప్పట్లు)

కాస్త ఉండండి, నన్ను కళ్లద్దాలు తుడుచుకోనివ్వండి. ఎర్రయ్య భార్య చిన్నతల్లి ఎందుకు నవ్వుతోంది? ఏమిటీ, ఈ ఊళ్లోనే, మంగ్లాలో మాకు ఇల్లు కూడా చూసి ఉంచారా? ఎర్రయ్యకూ తెలుసా? పొరలోంచి ఏది దాటుతుందో, ఏది దాటదో ఇన్నేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, మా వంటగదిలోంచి సావిట్లోకి ఒక్క మాట దాటలేదని కనుక్కోలేకపోయాను. (నవ్వులు)

అధ్యక్షులవారికీ, మీ అందరికీ నా కృతజ్ఞతలు. ఊరు విడిచిపోతున్నానని కప్పిన శాలువాను ఇక వెనక్కి అడగకండి. సోమవారం నన్ను సాగనంపడానికి స్టేషనుకు ఎవరూ రావద్దు, అందరూ మంగ్లాకు రండి, సామాన్లు మొయ్యాలి. బడికి మాత్రమే సెలవు.