నాలుగో గుంత

జూన్ మొదటి ఆదివారం, అమెరికాలోని మోంటానా కొండల్లో కంకరరోడ్డు దిగుతూ కోల్బీ ఒక మలుపులో సైకిల్ మీంచి పడి చనిపోయాడు. ఆగస్టులో అతని అక్క, ఆ రోజు అతని ముందు సైకిల్ తొక్కిన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, అదే మలుపు దగ్గర సైకిల్ దిగింది.

“ముందున్నవాడు గుంత చూస్తే వెనకవాడికి కేకేసి చెప్పాలి. అదే కదా మీ పద్ధతి?”

“అదే.”

“మరి కేకేశావా?”

“ఆ రోజు గాలి బాగా...”

“గాలి సంగతి నేనడగలేదు.”

అతను హెల్మెట్ పట్టీ విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“మూడు గుంతలకి కేకేశాను. ‘ఏంట్రా, మా అమ్మమ్మలా ఆ గోల!’ అని నవ్వాడు. ఒళ్ళు మండింది. నాలుగోది చూసి కూడా ఊరుకున్నాను.”



“ఆ ఉదయం వాడి బ్రేకులు బిగించింది మా అమ్మ. తన చేతి తప్పే వాణ్ణి చంపిందని రెండు నెలలుగా కుమిలిపోతోంది.”

“తెలుసు.”

“తెలిసే, వాడి అంత్యక్రియలప్పుడు చర్చిలో ఆవిడ చేతులు పట్టుకుని ఊరుకున్నావా?”

“చెబుదామనే వెళ్ళాను.”

“అయితే ఇప్పుడు పద. ఇల్లు ఈ కిందే.”

“నావల్ల కాదు. నువ్వే చెప్పు.”

“నేను చెబితే నమ్మదు. నిన్నే వెనకేసుకొస్తుంది.”

అతను సైకిలెక్కలేదు. కింద ఊళ్ళో ఉన్న తల్లికి ఆ మాట ఇంకా ఎవరూ చెప్పలేదు.