రూబీ కుట్టిన కవర్లు

అసలు హెడ్‌ఫోన్‌లకి కవర్లు కుట్టమని దాన్నెవరడిగారు పిన్నీ? నువ్వే చెప్పు. ఫ్రిజ్ హ్యాండిల్‌కి కవరు, టీవీకి కవరు, మిక్సీకి కవరు, ఆఖరికి రిమోట్‌కి కూడా తొడుగు. సరే, ఇల్లు దానిది, దానిష్టం. కానీ మేడ మీద నా రికార్డింగ్ గదిలోకొచ్చి, నా హెడ్‌ఫోన్‌లకి జాకెట్టు ముక్కలు తొడగడమేంటి? మా రూబీకి కుట్టుమిషను కొనిచ్చిన మా మావగారిని అనాలి ముందు.

నువ్వు పని చేసుకో, ఫర్వాలేదు. రొయ్యలు ఒలుస్తూనే విను. నేనిలా అరుగు మీద కూర్చుంటాను. వందనాలు అన్నాను, నువ్వు పలకలేదు. పలకవులే. పలక్కపోయినా కూర్చుంటాను.

కాఫీ ఏం వద్దు. అంటే... నువ్విస్తానన్లేదనుకో.

ఎక్కణ్ణుంచి మొదలెట్టను? నా దగ్గర రెండు హెడ్‌ఫోన్‌లున్నాయి కదా. పాతది నల్లది. స్టేషన్ రోడ్డులో సెల్ షాపు పెట్టిన కొత్తలో కొన్నాను. మన చర్చి పాటలన్నీ దాంతోనే రికార్డు చేశాను. రెండోది ఈమధ్య తెప్పించుకున్నది. అదే కంపెనీ, అదే మోడలు, కాకపోతే స్పెషల్ ఎడిషన్. చుట్టూ రాగి రంగు రింగు, దాని మీద చెక్కిన నంబరు, చెక్కపెట్టెలో వచ్చింది. ఒరిజినల్ కన్నా లోతుగా, స్పష్టంగా వినపడుతుందని ఆ పెట్టె మీదే రాసుంది. అది చదివాకే నేను చెవులకి పెట్టుకున్నాను. నా ఖర్మ అక్కడే కాలింది.

మన ఉక్క సంగతి నీకు తెలుసుగా? చెమటకి చెవుల దగ్గర తోలు పొట్టు లేచిపోయి, తీసేసరికి చెవులకి మసి పూసినట్టుంటుంది. అది చూసి రూబీకి జాలేసింది. ఎలాస్టిక్ పెట్టి కుట్టేసింది. పాతదానికి ఆకుపచ్చ, కొత్తదానికి మెరూన్. తల మీద పట్టీకి కూడా గొట్టంలాగ తొడుగు. లోపల ఏముందో దేవుడికే తెలియాలి. నేను మాత్రం మెరూన్‌ది స్పెషల్, ఆకుపచ్చది మామూలు, అంతే గుర్తుపెట్టుకున్నాను.

నవ్వొస్తోందా? నవ్వొచ్చులే పిన్నీ.

లేదా? సరే.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో అందర్నీ కూర్చోబెట్టానా? అంతకు ముందురోజు కోత పండుగ పాట రికార్డు చేశాంగా, అది వినిపిస్తానని. నిజానికి పాట వినిపిద్దామని కాదు. హెడ్‌ఫోన్ చూపిద్దామని. ఇంకెందుకు దాపరికం? షాపులో కుర్రాళ్ళకి చూపించేశాను, ఫోన్లో వీడియో పెట్టేశాను, ఇంక మిగిలింది మన క్వయరే.

ఒక్కొక్కళ్ళకీ ముందు ఆకుపచ్చది పెట్టాను, తర్వాత మెరూన్‌ది పెట్టాను. పెట్టేముందే చెప్పాను, "ఇందులో గాలి పీల్చుకున్న చప్పుడు కూడా వినపడుద్ది, చూడండి" అని. ఇంక వినపడకపోతే ఎలా? రాజరత్నం మాస్టారు కళ్ళు మూసుకుని తలూపారు. "ఆహా, భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉందిరా" అన్నారు. క్వయర్ లీడరే అలా అన్నాక మిగతావాళ్ళు ఏమంటారు? ఆయన కోడలు అశ్వినైతే ఒళ్ళు జలదరించిందంది.

నువ్వొక్కదానివే రెండూ పెట్టుకుని, తీసేసి, "నాకు రెండూ ఒకేలా ఉన్నాయిరా శ్యాం" అన్నావు.

ఎటకారంగా కూడా అన్లేదు. మామూలుగా అన్నావు. కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా. కానీ అందరూ గొల్లుమన్నారు పిన్నీ. మాస్టారు కూడా నవ్వారు. ఇప్పుడే కదా భూమీ ఆకాశమూ అన్నారు? అయినా నవ్వారు. నాకు మొహం మాడిపోయింది. అందరూ కృపారాణి టీచరుగారు, కృపారాణి టీచరుగారు అని నీ మాటకి విలువిస్తారని ఎప్పుడూ గర్వపడేవాణ్ణి. ఆ రోజు మాత్రం వొళ్ళు మండింది.

అప్పుడు ఆ మెరూన్‌ది తగిలించుకుని మీ ఆడవాళ్ళ ఆల్టో వరస మైకు ఒక్కటే పెట్టి విన్నాను. రెండో చరణంలో శృతి కిందికి జారుతోంది. స్పష్టంగా వినపడింది. ఆ క్షణంలో ఎంత సంతోషమేసిందో చెప్పనా? చెప్పకూడదు. కానీ వేసింది.

"పిన్నీ, నీ శృతి తగ్గిపోతోంది. ఇన్నాళ్ళూ పాతదాంట్లో తెలీలేదు. ఇది అబద్ధం చెప్పదు" అన్నాను.

అంతమంది ముందు అన్నాను.

అక్కడితో ఊరుకున్నానా? "వయసైపోతే గొంతు అలాగే అవుద్దిలే, నీ పార్టు అశ్విని చేత పాడించేద్దాం" అన్నాను. నన్ను సండేస్కూల్లో చెయ్యి పట్టుకుని నిలబెట్టి పాట నేర్పినదానివి. నీకు వయసైపోయిందని నేను చెప్పాను. నువ్వేమో పాటల పుస్తకం సంచిలో పెట్టుకుని, కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయావు.

పోయిన ఆదివారం క్వయర్ బెంచీలోకి రాలేదు. వెనకాల చివరి బెంచీలో కూర్చున్నావు. పాటలప్పుడు పుస్తకం తెరిచావు గానీ నోరు తెరవలేదు. చూశాను. మీ పక్కింటి పాపాయి షాపుకి రీఛార్జికి వచ్చినప్పుడు చెప్పింది, పెరట్లో గిన్నెలు తోముకుంటూ కూడా పాడట్లేదటగా? "మీ పిన్నిగారికి ఒంట్లో బాగోలేదాండి?" అని నన్నే అడిగింది. ఏం చెప్పను? గొంతు నొప్పి అని చెప్పాను.

ఆ. అబద్ధమే.

అసలు సంగతికొస్తున్నా. పొద్దున్న మెరూన్ కవరు తీశాను. రేపు పండుగలో మన పాట వేస్తున్నాం కదా, హెడ్‌ఫోన్‌తో ఒక ఫోటో దిగి పెడదామనిపించింది. రాగి రింగు కనపడాలిగా మరి! తీసి చూస్తే రింగు లేదు. నంబరు లేదు. నల్లగా, పక్కన ఫెవిక్విక్ వేసి అతికించిన పగులు. నా పాతది పిన్నీ. ఆకుపచ్చది విప్పితే మెరుస్తూ లోపలుంది నా స్పెషల్ ఎడిషన్!

రూబీని కేకేశాను. అది తాపీగా వచ్చి ఏమందో తెలుసా? "కొత్తదొచ్చిన వారానికే కవర్లు ఉతికి తొడిగానండి. ఏది దేనికెక్కిందో ఎవరు చూశారు? వినడానికి రెండూ ఒకటేగా" అంది. నువ్వన్న మాటే. మీ ఇద్దరూ మాట్లాడుకున్నారేమో అనుకున్నాను.

మాట్లాడుకోలేదా? నిజంగానా?

అంటే హాల్లో అందరూ ఆహా ఓహో అన్నది నా పాత డొక్కు హెడ్‌ఫోన్‌ని. మామూలుగా ఉందిలే అని పక్కన పడేసింది స్పెషల్‌ని. ఇంక చూడు, తలుపేసుకుని రెండిటికీ గుడ్డలూడదీసి, ఒకటి మార్చి ఒకటి పెట్టుకుని విన్నాను. చెవుల మీద మెత్తగా ఉండటంలో కాస్త తేడా. బేస్ ఒక పిసరెక్కువుందేమో. అదీ ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. అంతే పిన్నీ. నా మొహం, భూమీ ఆకాశం!

రెండూ సంచిలో తెచ్చాను. ఒకసారి పెట్టుకుని చూస్తావా? చేతులకి రొయ్యల నీచా? నేను పెడతాన్లే.

వద్దా. సరే, వద్దు.

అందుకని... నేనొచ్చింది ఏంటంటే... అది హెడ్‌ఫోన్ పొరపాటు. కవర్లు తారుమారయ్యాయి. రూబీ చూసుకోలేదు. అందుకే నీ శృతి అలా వినపడింది. నీ తప్పేం లేదు. ఈ ముక్క చెప్పి, రేపు పండుగకి నువ్వు క్వయర్‌లో నిలబడాలని అడుగుదామని వచ్చాను. కోత పండుగ పాట నువ్వు లేకుండా ఎప్పుడు పాడాం? అటు అరటి గెలలూ గుమ్మడికాయలూ వేలం వేస్తుంటే ఇటు నీ పాట వినపడాలిగా. రికార్డు పక్కన పడేసి మనమే పాడేద్దాం. ఏమంటావు?

ఏంటలా చూస్తావు?

ఏమన్నావు? పాతదాంట్లో అయితే నా శృతి తగ్గుద్దా, అనా?

అదీ... మరే. ఆ పాతదాంట్లోనే కదా ఇన్నేళ్ళూ నీ గొంతు విన్నాను. ఎప్పుడూ తగ్గలేదు. దారంతా బండి మీద నేనూ అదే అనుకుంటూ వచ్చాను, పిన్ని ఈ ముక్క అడగకుండా ఉంటే బాగుండు దేవుడా అని. టీచరుగారివి కదా, అడిగేశావు.

హెడ్‌ఫోన్ మీదకీ, మా ఆవిడ మీదకీ తోసేద్దామనే వచ్చాను. తోసెయ్యగలిగితే ఇంటికెళ్ళి హాయిగా అన్నం తినేవాణ్ణి.

విను. మీ మైకులో జారిన గొంతు ఆడగొంతు కాదు.

నేను రికార్డింగ్ ఆన్ చేసి పరిగెత్తుకొచ్చి ఎక్కడ నిలబడతాను? మగాళ్ళ వరస వదిలేసి నీ పక్కకే వస్తానుగా. చిన్నప్పట్నుంచీ అంతే. నీ పక్కన నిలబడితేనే నాకు శృతి అందుద్ది. ఆ రోజు నా మనసంతా హెడ్‌ఫోన్ మీదుంది, శృతి మీద లేదు. నా గొంతు మీ మైకులో పడింది. జారింది నేను. నువ్వు శృతి మీదే నిలబడి ఉన్నావు. చివరి మాట దగ్గర నన్ను పైకి లాగుదామని నువ్వు కాస్త గట్టిగా పాడావు, అదీ వినపడుతోంది.

ఎప్పుడు తెలిసిందంటే... పొద్దున్నే తెలిసిందని చెప్దామనుకున్నాను.

పొద్దున్న కాదు. ఆ రోజే. నీకు వయసైపోయిందని నోరు జారాక, పాట ఇంకా నా చెవుల్లో నడుస్తూనే ఉంది. తర్వాతి చరణానికి తెలిసిపోయింది. నా గొంతు నేను గుర్తుపట్టనా? నువ్వప్పుడింకా కళ్ళజోడు తుడుచుకుంటున్నావు. మెట్ల దాకా కూడా వెళ్ళలేదు. "పిన్నీ, ఆగు" అంటే సరిపోయేది. అందరూ నా తల మీది హెడ్‌ఫోన్ వంకే చూస్తున్నారు పిన్నీ. అన్లేకపోయాను.

సిగ్గేసింది. ఇప్పుడూ సిగ్గేస్తోంది, నీ మొహం చూళ్ళేకపోతున్నా. అప్పుడు సిగ్గుపడ్డది నిన్ను బాధపెట్టినందుకు కాదు, దొరికిపోతానేమోనని. అది ఇంకా పెద్ద సిగ్గు.

ఏడవట్లేదు. చెమట.

కాసిని నీళ్ళిస్తావా? ఉండు ఉండు, నువ్వు లేవకు, నేనే ముంచుకుంటా.

ఏమన్నావు? అందరి ముందూ అన్న మాట అందరి ముందే చెప్పమంటావా? రేపా? చర్చిలోనా?

న్యాయమే. నువ్వేం గొంతెమ్మ కోరిక కోరలేదు. పాస్టరయ్యగారు ప్రకటనలు చదివేటప్పుడు లేచి నిలబడి రెండు ముక్కలు చెప్తే అయిపోద్ది. అప్పుడే వస్తావు క్వయర్‌లోకి, అంతేగా? లేకపోతే ఆ చివరి బెంచీయే. అర్థమైంది.

కానీ ఇంకొకటుంది పిన్నీ. ఇది కూడా వినేసెయ్.

మొన్న అశ్వినిని పిలిచి నీ పార్టు పాడించాను. అది వెళ్ళాక తలుపేసుకుని నా పార్టు నేను మళ్ళీ పాడుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. జారినచోటల్లా కంప్యూటర్లో పైకెత్తి సరిచేసుకున్నాను. నీ గొంతు పూర్తిగా తీసేశాను, నా గొంతు దిద్దుకున్నాను. నిన్న సాయంత్రం రాజరత్నం మాస్టారొచ్చి విన్నారు. అయ్యాక నా భుజం తట్టి, "కృపారాణి టీచరుగారి పక్కన ఉండి ఇన్నాళ్ళూ నీ గొంతు బయటపడలేదురా. ఇప్పుడు చూడు, ఎంత నిలకడగా ఉందో" అన్నారు.

నేను "థాంక్సండీ" అన్నాను పిన్నీ. నవ్వుతూ అన్నాను. అలా అన్న నోటితో రేపేం చెప్పమంటావు?